మాటలాడు పెట్టె

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సందర్భమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో చెప్పుదునని మీలో పలువురు తలంచియుందురు. నేను గురుముఖమున చదువుకొన్నవాడను గాను. ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, తెలిసినంత తెలిసికొని, తెలియనిదానికి గుర్తు పెట్టుకొని చదివినవాడను. అట్టివాడు పండితులున్న సభలో కావ్యవిచారము చేయుట తగదు. అందుచేత నాకు బాగుగా తెలిసిన వస్తువును గూర్చియే చెప్పెదను. అది ఈ వేదిక అంచున, నాకు ముందుగా, మీ వైపునకు తిరిగియున్న కొయ్యపెట్టె. నా మాట వెనుక వరుసవారికి వినవచ్చుచున్నచో అది దాని చలువయే.

మా తండ్రిగారు 1984లో వంశపారంపర్య కరణీకములు రద్దగువరకు ఈ గ్రామ కరణము. నేను సహకార సంఘమునకు లెక్కలు వ్రాయుచున్నాను. ఉద్యోగము మారినను ఊరివారు నన్ను కరణంగారనియే పిలుచుచున్నారు. కావున ఈ పెట్టె కథనుగూడ ఒక లెక్కల పుస్తకముతోనే మొదలిడుచున్నాను.

గడచిన సంవత్సరము కార్యవర్గమువారు రజతోత్సవమునకై పాతలెక్కలు సరిచూడుమని నాకు పుస్తకము లొప్పగించిరి. చందాల పుస్తకమును, జారీ పుస్తకమును ఎదురెదురుగా పెట్టుకొని చూచితిని. అందొక విషయము కనబడినది. 14 మంది చందాదారులు ఏటేట తప్పక చందా చెల్లించుచున్నారు; కాని మూడేండ్లనుండి ఒక్క పుస్తకమైనను తీసికొనలేదు. రూకలు జమ యగుచున్నవి గాని పుస్తకము జారీ కాలేదు. ఇది సంఘపు లెక్కయైనచో నేను నాడే సంజాయిషీ అడిగియుందును.

సరే, ఒక్కొక్కరి యింటికి పోయి విచారించితిని. ఒకరికి కన్నులలో శుక్లములు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, గ్రంథాలయపు మెట్లెక్కలేరు. ఒకరికి చేతులు వణకి పుస్తకము నిలువదు. అందరును ఒకప్పుడు వారమునకు రెండు పుస్తకములు చదివినవారే.

ఆ 14 పేర్లలో ఒకటి మా అమ్మగారిది.

ఈ మాట సభలో చెప్పుటకు నాకు సిగ్గుగనే యున్నది. ప్రతిదినము సాయంకాలము నేను చంకలో పుస్తకము పెట్టుకొని ఇంటికి పోవుచుంటిని. ఆమె యెదుటనే కుర్చీలో కూర్చుండి చదువుకొనుచుంటిని. ఆమె చేతిలో పుస్తకము లేదని మూడేండ్లు నాకు తోచలేదు. వైద్యునకు చూపింపగా నీటికాసులని చెప్పిరి. శుక్లములైనచో శస్త్రచికిత్సచే చూపు వచ్చును. నీటికాసులవలన పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదానిని కాపాడుకొనవలసినదే. నలుబది యేండ్లు దాటినవారు కన్నులలోని ఒత్తిడిని పరీక్ష చేయించుకొనుట మంచిదని ఈ సందర్భమున మీకందరకు మనవి చేయుచున్నాను.

"చదవలేనప్పుడు చందా ఎందుకు కడుతున్నావమ్మా?" అని అడిగితిని. "నేను చదవకపోతే ఇంకొకళ్ళు చదువుతారు గదా అబ్బాయ్" అని ఆమె సమాధానము.

అయ్యా, పుస్తకము చెంతకు రాలేనివారి చెంతకు పుస్తకము పోవలెననుట కొత్త మాట కాదు. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడిలో పాతూరి నాగభూషణంగారు పడవనే గ్రంథాలయముగా చేసి, కాలువ వెంబడి గ్రామములకు పుస్తకములు పంపిరి. ఆంధ్ర గ్రంథాలయోద్యమ పితామహులని పేరుగాంచిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మన తూర్పుగోదావరి జిల్లా కొంకుదురున పుట్టినవారే. మనకు వారసత్వమున్నది. అయితే పడవ పుస్తకమును రేవువరకు తెచ్చును. కన్నులు చూడవలసినచో పడవ యేమి చేయగలదు?

దానికిని మన పెద్దలు చూపిన దారి కలదు. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు ఇచ్చటి రాజమహేంద్రవరముననే భారతమును తెలుగు చేయ నారంభించెను. అచ్చుయంత్రము మన దేశమునకు వచ్చులోపల గడచిన శతాబ్దములలో ఆ భారతము ఎవరివలన నిలిచినది? తాటాకు చూచి చదివినవారు కొందరు. అరుగుమీద కూర్చుండి విన్నవారు వేలు. ఒకరు చదువ పదిమంది వినుటయే పురాణ కాలక్షేపము. మా చిన్ననాడు రామాలయమున పురాణము చదువు శాస్త్రిగారి గొంతు మంటపము దాటి మూడవ యింటివరకు వినబడెడిది. నేడట్టి గొంతుక గలవారు అరుదు. వినువారికిని వినికిడి తగ్గినది. కావున చదువువారి గొంతుకను కొంచెము పెంచి, ఏ వీధి అరుగునకైన తీసికొనిపోదగిన సాధనమొకటి కావలెనని కార్యవర్గమునకు విన్నవించితిని.

కార్యవర్గమున వాదము జరిగినది. "బజారులో తయారైన పెట్టెలు దొరుకుచుండగా ఈ శ్రమయెందుకు?" అని ఒకరనిరి. న్యాయమైన ప్రశ్న. బజారు పెట్టెలలో మంచివి లేవని నేననను. కాని అందు పెక్కింటికి మూత విప్పుటకు మర యుండదు. బ్యాటరీ చచ్చినచో పెట్టెయే చచ్చును. మన చేత చేసిన పెట్టెలో ఏ భాగము చెడిన ఆ భాగము మార్చుకొనవచ్చును. పైగా చేయుట నేర్చినవారు నలుగురు ఊరిలో మిగులుదురు. ఈ రెండవ కారణమే నాకు ముఖ్యముగా తోచినది. కార్యవర్గము 4,000 రూపాయలకు మించరాదను నియమముతో అంగీకరించినది.

ఇక నిర్మాణము. ఈ గ్రంథాలయము స్థాపించిననాడు ఒక దాత యిచ్చిన పాత టేకు బీరువా మీకు జ్ఞాపకముండును. దాని అడుగు పలకలను చెదలు తినగా దొడ్డిలో పారవేసితిమి. మన వడ్రంగి ఆచారిగారు దాని పై అరలను చిత్రికపట్టి చూచి, "కరణంగారూ, చెద కిందనే ఆగిపోయిందండి. ఈ చెక్క ఇంకో రెండు తరాలు ఉంటుందండి, ఆయ్" అనిరి. ఇరువది యేండ్లకు పైగా పుస్తకములు మోసిన అరలే నేడు ఈ పెట్టెకు ప్రక్కపలకలైనవి.

పెట్టె వెలుపలి కొలత పొడవు 16 అంగుళములు, ఎత్తు 10, లోతు 8. పలక మందము ముప్పాతిక అంగుళము. కావున లోపలి చోటు 14½, 8½, 6½ అంగుళములు. అనగా సుమారు 800 ఘనపుటంగుళములు, మన కొలతలో 13 లీటర్లు. అందు బ్యాటరీకి, యాంప్లిఫైయరుకు అడ్డుపలక వేసి వేరు గది తీయగా, స్పీకర్లకు సుమారు 10 లీటర్ల గాలి మిగిలినది. ఇంత లెక్క యెందుకందురా? ఈ పెట్టెలో అన్నిటికంటె ముఖ్యమైన భాగము ఆ ఖాళీయే.

స్పీకరు పనిచేయు విధమును క్లుప్తముగా చెప్పెదను. ఒక కాగితపు గరాటు, దాని మొదట సన్నని తీగచుట్ట, ఆ చుట్ట చుట్టును అయస్కాంతము. తీగలో మాటకు తగినట్లు విద్యుత్తు ముందునకు, వెనుకకు మారుచుండ, చుట్ట కదలును. దానితో గరాటు కదలి గాలిని నెట్టును. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను నిరువురు ఇంజనీర్లు ఈ రీతిని శాస్త్రీయముగా వివరించి లోకమున కందించిరి. నూరేండ్లు గడచినను నేటి స్పీకర్లలో అధిక భాగము ఆ పద్ధతినే నడచుచున్నవి.

అయితే అందొక చిక్కున్నది. గరాటు ముందునకు కదలినపుడు ముందున్న గాలి నొక్కబడును. అదే క్షణమున వెనుకనున్న గాలి పలుచబడును. ఇది లెక్క వ్రాయువారికి సులభముగా బోధపడును. ఒకే మొత్తమును జమవైపున ఒకసారి, ఖర్చువైపున ఒకసారి వ్రాసినచో నిలువ సున్న. ముందు అల జమ, వెనుక అల ఖర్చు. రెండును కలిసికొన్నచో, ముఖ్యముగా మంద్రస్వరములు, ఒకదానినొకటి చంపుకొనును. కావుననే పెట్టె లేని స్పీకరు గొంతుపోయినవానివలె పలుకును. పెట్టె చేయు ఉపకారము వెనుక అలను లోపల బంధించి యుంచుటయే. శబ్దము ఆకాశగుణమని మన తార్కికులు చెప్పిరి. వాయువో, ద్రవమో, ఘనమో ఏదో యొక పదార్థము లేనిదే శబ్దము సాగదని నేటి శాస్త్రము తేల్చినది. కాని ఘటములోని ఆకాశమును గూర్చి మన వేదాంతులు చేసిన విచారమును తలచుకొన్నపుడెల్ల, ఖాళీనిగూడ ఒక వస్తువుగా లెక్కించు అలవాటు మనవారికి ముందే కలదని నాకు తోచుచుండును.

వీణ కుండను పనసచెక్కతో తొలుచుట బొబ్బిలి శిల్పుల ప్రసిద్ధ విద్య. "మనము గూడ పనస వేయరాదా?" అని ఒక మిత్రులడిగిరి. ఇచ్చట పని వేరు. వీణలో కొయ్య తానును కలిసి పలుకవలెను. స్పీకరు పెట్టెలో కొయ్య పలుకరాదు, నిశ్చలముగా నుండవలెను. కొయ్య కంపించినచో చదువరి గొంతులో లేని గరగర పుట్టును. అందుచేత దళసరి టేకు పలకలు వేసి, మూలలకు జిగురు, మరలు రెండును బిగించి, సందులనుండి గాలి పోకుండ రంపపుపొట్టు కలిపిన జిగురుతో పూడ్చితిమి. లోపల శబ్దము గోడలకు కొట్టుకొని మరల రాకుండ బూరుగుదూది పలుచగా పరచితిమి. బూరుగుదూది మా దొడ్డిలోనిదే. దానికి ఖర్చు వ్రాయలేదు.

ఖర్చు లెక్క సభకు చదువుట నా ధర్మము. 5 అంగుళముల స్పీకర్లు రెండు, 900 రూపాయలు. పెన్‌డ్రైవు, బ్లూటూత్, మైకు తగిలించుకొనుటకు వీలుగల యాంప్లిఫైయరు పలక, 650. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల మూతవేసిన బ్యాటరీ, 1,150. ఛార్జరు, 350. దీపములు, స్విచ్చులు, తీగలు, ఫ్యూజు, 220. జిగురు, మరలు, మెరుగునూనె, 280. వెరసి 3,550 రూపాయలు. ఆచారిగారు కూలి పుచ్చుకొనలేదు. "మా నాన్నగారు ఈ బీరువా చేసిన చేత్తోనే నాకు ఉలి పట్టించారండి" అని మాత్రమనిరి. ఆ బీరువా ఎవరు చేసిరో అంతవరకు మాకు తెలియదు.

మొదటి దినము పెట్టె బిగించి మీట నొక్కితిమి. మాట వచ్చినది గాని నూతిలోనుండి వచ్చినట్లు పీలగా నున్నది. యాంప్లిఫైయరు చెడ్డదని నేను నిర్ణయించి, మార్చుకొని రావలెనని బయలుదేరితిని. మన ఉన్నతపాఠశాలలో పదవ తరగతి చదువు కుర్రవాడొకడు ఈ పనిలో మాకు తోడ్పడుచుండెను. "ఉండండి తాతగారండీ" అని, గోడగడియారములోని ఒకటిన్నర వోల్టు సెల్లు తీసి, స్పీకరు తీగలకు ఒక్క క్షణము తాకించెను. ఒక గరాటు ముందునకు వచ్చినది. రెండవదానికి తాకించెను, అది వెనుకకు పోయినది. టంకము పెట్టునపుడు నేనే ఒకదాని తీగలను తారుమారు చేసితిని! ఒకటి ముందునకు నెట్టుచుండ రెండవది వెనుకకు లాగుచున్నది. జమను ఖర్చువైపున వ్రాసిన లెక్కయే. ముప్పది యేండ్లు ఇతరుల పుస్తకములలో ఇట్టి తప్పులు పట్టినవానికి తన తప్పును పదునైదేండ్ల బాలుడు పట్టియిచ్చెను. తీగలు మార్చగానే గొంతు నిండుగా వచ్చినది.

దీపముల విషయమున మరియొక వాదము. యువకులు పాటకు తగినట్లు ఎగిరిపడు రంగుదీపములు కావలెననిరి. గ్రంథాలయమునకు తిరునాళ్ళ వేషమెందుకని నేను గట్టిగా కాదంటిని. పుస్తకముపై వెలుగు పడునట్లు తెల్లని దీపములు మాత్రము చాలునంటిని. దీనికి కారణము 1996. ఆ యేట నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తాకిన తుఫానులో వెయ్యిమందికి పైగా మరణించిరి. తరువాత ఎన్నో దినములు కరెంటు లేదు. చీకటిలో ఒక ట్రాన్సిస్టరు చుట్టును వీధివారందరు మూగి, విజయవాడ కేంద్రమునుండి వచ్చు వార్తలకై చెవులు రిక్కించుకొని యుండుట నా కన్నులకు కట్టినట్లున్నది. ఆ చిన్న యంత్రమునకు వెలుగులేదు, గొంతుక చాలదు. ఈ పెట్టెకు రెండును ఉండవలెనని నా పట్టుదల.

తెల్లని ఎల్‌.ఇ.డి. దీపములు మూడేసి వరుసగా కలిపి, అట్టివి మూడు వరుసలు, మొత్తము తొమ్మిది పెట్టితిమి. ఒక్కొక్క దీపమునకు సుమారు 3 వోల్టులు; మూడింటికి 9. బ్యాటరీ 12లో మిగిలిన 3 వోల్టులను నిరోధకము భరింపవలెను. 20 మిల్లీ ఆంపియర్లకు లెక్కకట్టిన 150 ఓములు వచ్చును. కాని ఛార్జింగు వేళ బ్యాటరీ 14 వోల్టుల దరిదాపునకు పోవును. అప్పుడు దీపములు మాడిపోవును. కావున 220 ఓములు వేసితిమి. వెలుగు కొంచెము తగ్గినను ఆయుస్సు పెరిగినది. ఇట్టి పనిచేయువారు మరువరాని జాగ్రత్తలు రెండున్నవి. బ్యాటరీ ధనధ్రువమునకు ఆనుకొని ఫ్యూజు తప్పక వేయవలెను. బ్యాటరీ గదికి గాలి రంధ్రము లుండవలెను. దానిని ఊపిరాడని పెట్టెలో బిగింపరాదు.

రంగుదీపముల మాటకు వత్తును. ఆ కుర్రవాడే మరల అడిగెను: "చెవి సరిగా వినబడనివాళ్ళకి పెట్టె మాట్లాడుతోందో లేదో ఎలా తెలుస్తుందండి?" నావద్ద సమాధానము లేకపోయినది. అందుచేత ముందు పలకపై ఒక పచ్చదీపము పెట్టించితిని. మాట వచ్చునపుడు అది వెలిగి, ఆగినపుడు మలగును. చెవి మందగించినవారు దానిని చూచి ముందునకు వంగి విందురు. వేషమని నేను త్రోసివేసినది ఉపయోగమని తేలినది.

శబ్దపరిమాణమును గూర్చియు చెప్పవలెను. ఎక్కువ వాట్లున్న పెట్టె చేయలేదేమని పలువురడిగిరి. వాట్లు రెండింతలు చేసినను శబ్దము పెరుగునది 3 డెసిబెళ్ళే. చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు పదింతల వాట్లు కావలెను. బయలున దూరము రెండింతలైనచో శబ్దము 6 డెసిబెళ్ళు తగ్గును. కావున దూరమునుండి అరచుటకంటె దగ్గరకు పోయి మెల్లగా చెప్పుట చౌక. మోసికొనిపోవు పెట్టె యొక్క రహస్యమంతయు ఇదియే. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగస్థలములలో ధ్వనివర్ధకములు వాడరాదు. నివాసప్రాంతములలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 పరిమితి. చదువు పేరుతోనైనను ఇరుగుపొరుగువారి నిద్ర చెడగొట్టు హక్కు మనకు లేదు. అరుగుమీద పదిమందికి వినబడి, ఎదురింటిలో నిద్రించు పసిబిడ్డను లేపని గొంతుక మన కొలత. ఇట్లు మితముగా వాడిన దీపములు, మాట కలిసి సుమారు 4 వాట్లు ఖర్చగును. బ్యాటరీలో నున్నది 84 వాట్-అవర్లు; దాని ఆయుస్సు కోరి సగమే వాడినను పది గంటలు నడచును.

ఇప్పుడు నా రెండవ తప్పును చెప్పెదను. పెట్టె సిద్ధము కాగానే, పెన్‌డ్రైవులో చదివించి నింపిన పుస్తకమును పెట్టి, మా అమ్మగారి మంచము ప్రక్క నుంచి, నేను సంఘమునకు పోయితిని. సాయంకాలము వచ్చిచూడ పెట్టె మౌనముగా నున్నది. మరునాడును అంతే. చెడిపోయినదేమో యని విప్పబోతిని. "బాగానే ఉంది అబ్బాయ్, నేనే ఆపేశాను" అని ఆమె యనెను. ఎందుకని యడుగగా, "ఆగమంటే ఆగదు. మళ్ళీ చెప్పమంటే చెప్పదు. నేను విన్నానో నిద్రపోయానో దానికి అక్కరలేదు" అనెను.

అయ్యా, పురాణ కాలక్షేపమును గూర్చి కార్యవర్గమునకు అంత చెప్పిన నేను దానిలోని సారమును విడిచితిని. అరుగుమీది శ్రోత ఊఁ కొట్టును, ప్రశ్నించును, కన్నీరు పెట్టును. చదువరి దానిని చూచి ఆగును. పెట్టె గొంతుకను పెంచగలదు. ఎదుటివారి ఊఁకారమును వినలేదు. పెట్టెతోపాటు ఒక మనిషి పోవలెను.

నాటినుండి పద్ధతి మార్చితిమి. మా ఎదురింటి అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుచున్నది. ఆ పిల్ల మైకు పట్టుకొని మా అరుగుమీద సాయంకాలము అరగంట చదువుటకు ఒప్పుకొన్నది. మైకును స్పీకరు ఎదుట పెట్టినచో, వచ్చిన శబ్దమే మరల మైకులో దూరి కీచుమని అరచును. కావున చదువరి పెట్టె వెనుక కూర్చుండవలెను, శ్రోతలు ముందు. మొదట చదివించినది చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి గ్రంథము. ఈ గోదావరి సీమలో, ఖండవల్లిలో 1867లో పుట్టిన ఆ మహాకవికి యౌవనముననే చూపు మందగించి, తుదకు పూర్తిగా పోయినది. ఆయన చెప్పుచుండ ఇతరులు వ్రాసిరి. చూపులేని కవి నోట చెప్పినదానిని చూపులేని మా తల్లి చెవితో వినుచుండెను. మధ్యనున్న అచ్చుపుస్తకము పని చదువరి కన్నులు చేసినవి. ఆయన 1946లో దివంగతులైరి. మరణానంతరము 60 సంవత్సరములు గడచిన రచయితల గ్రంథములను ఎవరి యనుమతియు లేకయే చదివి, ముద్రించి వినిపించుకొనవచ్చును. నేటి రచయితలవైనచో అనుమతి పొంది చేయుచున్నాము.

తొలిదినము శ్రోతలు నలుగురు. నేడు వారమున మూడు వీధులలో మూడు అరుగులు. పెట్టెను కుర్రవాడు సైకిలుమీద కట్టుకొని పోవును. పిల్ల ఏదైన మాటకు అర్థము తెలియక ఆగినచో మా అమ్మగారు చెప్పును. ఆ అమ్మాయికి పరీక్షలో తెలుగున మంచి మార్కులు వచ్చినవట. అది మేము లెక్కలో వ్రాయని లాభము.

ఇక నిలువ చెప్పి ముగించెదను. ఆ 14 మందిలో ముగ్గురికి శుక్లముల శస్త్రచికిత్స జరిగి మరల పుస్తకములు తీసికొనిపోవుచున్నారు. తొమ్మండుగురు అరుగులమీద వినుచున్నారు. ఒకరు ఈలోగా కాలధర్మము నొందిరి. ఆయన వద్దకు మేము ఒక్క యేడు ముందుగా పోవలసినది. మరియొకరు తనకు వలదనిరి. వారి యిష్టమును గౌరవించితిమి. వారు చందా మాత్రము నేటికిని చెల్లించుచున్నారు.

సభవారికి నా మనవులు రెండు. ఒకటి: పాఠశాల పిల్లలచేత రెండవ పెట్టె చేయింపవలెను. ఆచారిగారు చెక్కపని నేర్పెదమనిరి. తీగల తారుమారు ఎట్లుండునో నేను నేర్పగలను. రెండు: ప్రతి వీధికి ఒక చదువరి కావలెను. దీనికి విద్వత్తు అక్కరలేదు. స్పష్టమైన ఉచ్చారణము, ఎదుటివారు ఆగుమన్న ఆగు ఓర్పు చాలును. మీ యిండ్లలో చందా చెల్లించుచు పుస్తకము ముట్టనివారెవరైన ఉన్నారేమో ఈ రాత్రి ఇంటికి పోయినపుడు చూడుడు. నావలె మూడేండ్లు ఆలస్యము చేయకుడు.

కార్యవర్గమువారి యనుమతితో జారీ పుస్తకమున ఒక కొత్త గడి గీచితిని. ఇంతవరకు పుస్తకము పేరు, తీసికొనిపోవువారి పేరు, తేదీ యను గడులుండెను. ఇపుడు చివర "వినువారు" అని యొక గడి చేరినది. చిలకమర్తివారి పుస్తకమునకు ఎదురుగా, తీసికొనిపోవువారి గడిలో ఎదురింటి అమ్మాయి పేరు వ్రాసి, వినువారి గడిలో మా అమ్మగారి పేరు నా చేత్తో వ్రాసితిని. మూడేండ్ల తరువాత ఆ పుస్తకమున ఆమె పేరు మరల వచ్చినది.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి నేనును వినువారి గడిలో నుండెదనేమో. అప్పుడు నాకు చదివి వినిపించు పిల్లలు ఈ సభలోనే కూర్చుండియున్నారని నమ్ముచు, సెలవు తీసికొనుచున్నాను.